వేముల నేల – కళాశాల చదువు

కడప జిల్లా పడమటి భాగమున, పులివెందుల సీమలో, వేముల అను గ్రామము కలదు. ఇప్పుడది ఒక మండలమునకు కేంద్రము. దానికి తూర్పున వేంపల్లె, పడమట పులివెందుల. వేంపల్లె ప్రక్కనుండి పాపఘ్ని నది పోవుచున్నది గాని, సంవత్సరములో ఎక్కువ దినములు అందు నీటికంటె ఇసుకయే కానవచ్చును. జిల్లాకంతటికిని సగటున ఏడాదికి కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. పడమటి సీమకు అదియును పూర్తిగా దక్కదు. బోరులలో నీరున్నచోట చీనీ తోటలు, అరటి తోటలు. లేనిచోట వేరుసెనగ, సెనగ. ఎటు చూచినను గుట్టలు, గుట్టలనిండ రాళ్లు. పొలములోని రాయి ఏరి గట్టున వేయుట ఈ సీమ రైతునకు తరతరములుగా తప్పని పని.

ఇట్టి సీమలో పదవ తరగతి పూర్తి చేసిన పిల్లవాని యింట ఏటేట ఒక చర్చ జరుగును. "చదివినది చాలును, పొలము చూచుకొననిండు" అని ఒకరందురు. "ఇంకొక నాలుగేండ్లు చదివింతము" అని మరియొకరందురు. ఆడపిల్ల యైనచో ఆ చర్చ మరింత పొట్టిది. రెండవ మాట చెప్పినవారిని మొదటి మాటవారు అడుగు ప్రశ్న ఒక్కటే: "కాలేజీకి పోయిన ఏమి వచ్చును?" ప్రశ్న మొరటుగా నున్నను అన్యాయమైనది కాదు. చదువునకు పోవు పిల్లవాడు పొలమున రెండు చేతులు తగ్గించును; ఇంటి ఖర్చు పెంచును. ఫలము కంటబడుటకు అయిదారేండ్లు పట్టును. చీనీ చెట్టు నాటినవాడు కూడ నాలుగైదేండ్లు కాపునకు ఎదురు చూచును గాని, చెట్టు కన్నుల యెదుటనే యుండును; కొడుకు ఊరు విడిచి పోవును. కావున ఆ తండ్రికి ఉద్యోగముల పేరులు వల్లించి చెప్పుటతో సరిపోదు. నిదానముగా లెక్క చెప్పవలసియున్నది.

ఒకప్పుడు ఈ సీమలో ఈ ప్రశ్న పుట్టుటకే అవకాశము లేకుండెను. హైదరాబాదు నైజాము 1800 సంవత్సరమున ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి వదలుకొనెను. అందుచేత దీనికి దత్తమండలములని పేరు వచ్చెను. మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో వెలసినది. దత్తమండలముల బాలుడు పట్టభద్రుడు కాదలచినచో చాలకాలమువరకు దూరదేశము పోవలసినదే. అట్లు పోయిన పేదపిల్లలు వారములు చేసికొని చదువుట ఆనాటి ఆచారము. వారములనగా దినమునకొక యింట చొప్పున ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని భోజనము చేయుట. ఏ యింటనైన ఆశౌచము వచ్చినచో ఆ దినము పస్తు. ఈ కష్టమునకు ఓర్చినవారు కొందరు. ఓర్వలేక తిరిగి వచ్చినవారు, అసలు బయలుదేరనివారు ఎందరో లెక్క లేదు.

కడపలో ఈ మధ్యకాలమున ఒక చిత్రమైన కళాశాల యుండెనని చెప్పవచ్చును. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కొలువునకై కడపకు వచ్చి, తెలుగు నేర్చి, తన బంగళాలోనే పండితులను కూర్చుండబెట్టి తాళపత్ర ప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. దానిని జనులు బ్రౌను కాలేజీ యనిరి. అందు పరీక్షలు లేవు, పట్టములు లేవు. ఒకరు చదువుచుండగా మరియొకరు తప్పు పట్టుటయే అచ్చటి పని. నేడు ఆ స్థలమున ఆయన పేర గ్రంథాలయము కలదు. కళాశాల యనగా ఏమి యని అడిగినవారికి ఈ బంగళా కథ చెప్పిన చాలును. ఒంటరిగా చదువుకొన్నవానికి తన తప్పు తనకు కనబడదు. నలుగురిలో చదువుకొన్నవానికి అది దాగదు.

1915లో మదనపల్లెలో అనీ బెసంటు ప్రోత్సాహమున దివ్యజ్ఞాన కళాశాలయు, మరుసటి యేడు అనంతపురములో దత్తమండల కళాశాలయు వెలసిన పిదప గాని పై చదువు ఈ సీమకు దగ్గర కాలేదు. అనంతపురపు కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావు 1928లో నంద్యాల సభయందు, దత్తమండలము అను పేరు విడిచి రాయలసీమ యని పిలువవలెనని ప్రతిపాదించెను. దత్తమండల మనగా ఒకడు మరియొకనికి ఇచ్చివేసిన నేల యని యర్థము. నూట ఇరువదెనిమిది సంవత్సరములు ఆ పేరు మోసిన సీమకు కొత్త పేరు సూచించినవాడు సైన్యాధిపతి కాడు, జమీందారు కాడు. కళాశాలలో పాఠము చెప్పుకొను అధ్యాపకుడు.

తరువాతి సంగతి మరింత గమనింపదగినది. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమైన శ్రీబాగ్ నందు, సర్కారు జిల్లాల నాయకులును రాయలసీమ నాయకులును కూడి ఒక ఒడంబడిక చేసికొనిరి. అందు రాయలసీమవారు కోరినవి నదీజలములు, శాసనసభలో స్థానములు, రాజధానియో హైకోర్టో ఏదియో ఒకటి. వీనితో సమానముగా మరియొక కోరిక కూడ కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో ఏర్పడి విశాఖపట్టణమున స్థిరపడెను. అది అనంతపురమునందును ఒక కేంద్రమును నెలకొల్పవలెను. కరవు సీమ నాయకులు నీటి ప్రక్కనే చదువును వ్రాయించిరి. ఎండిన బావిని చూచినవారే ఆ కోరిక కోరిరి గనుక, వారు చదువును విలాసముగా భావింపలేదని స్పష్టము.

ఆ పిమ్మట కళాశాలలు ఒక్కొక్కటిగా వచ్చెను. 1948లో కడపలో ప్రభుత్వ కళాశాల, 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయమును, పులివెందులలో ఇంజనీరింగు కళాశాలయు, 2008లో వేంపల్లె మండలపు ఇడుపులపాయలో గ్రామీణ విద్యార్థుల కొఱకు ఒక సాంకేతిక విద్యాలయమును స్థాపింపబడెను. మద్రాసు దూరము తగ్గి తగ్గి ప్రక్క మండలమునకు వచ్చినది. అయినను తండ్రి ప్రశ్న అట్లే యున్నది. సమాధానమునకై దూరము పోనక్కరలేదు. వేముల పొలములలోని రాళ్లనే చూచిన చాలును.

విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు పందొమ్మిదవ శతాబ్దిలో కడప, కర్నూలు ప్రాంతములు తిరిగి, గుట్టల పొరలు పరిశీలించి, 1872లో ఒక పెద్ద గ్రంథము ప్రచురించెను. భూగర్భ శాస్త్రమునందు ఒక రాతి పొర ఎచ్చట చక్కగా కనబడునో ఆ యూరి పేరే దానికి పెట్టుట వాడుక. అందుచేత నేడు ఈ శాస్త్రము చదువు విద్యార్థులు గువ్వలచెరువు రాయి, వేంపల్లె రాయి, పులివెందుల రాయి, తాడిపత్రి రాయి, గండికోట రాయి అని ఒకదానిపై నొకటి వరుసగా నేర్చుకొందురు. దూరదేశములలో భారతదేశపు భూగర్భమును గూర్చి చదువువారు సైతము కడప పేరు తప్పించుకొనజాలరు. ఆ పేరులు పెట్టబడిన ఊళ్లవారిలో అనేకులకు ఈ సంగతి తెలియదు.

వేంపల్లె రాయి ఒక విధమైన సున్నపురాయి జాతిది, డోలమైటు అందురు. దానిలో కొన్నిచోట్ల ఉల్లిపాయను అడ్డముగా కోసినట్లు వంపులు తిరిగిన గీతలు కానవచ్చును. గొఱ్ఱెలు కాచు పిల్లలు వానిమీద కూర్చుండి ఆడుకొందురు. ఆ గీతలు గీసినవి ప్రాణులు. 190 కోట్ల సంవత్సరములకు తక్కువ కాని కాలమున ఇచ్చట లోతులేని సముద్రముండెను. అందు కంటికి కనబడని సూక్ష్మజీవులు జిగురుపొరలుగా పెరిగి, తమపై పడిన సున్నపు రేణువులను పట్టుకొని, పొరమీద పొరగా పేర్చుకొనుచు పోయెను. అవియే శిలలై మిగిలినవి. చెట్టు లేదు, చేప లేదు, పక్షి లేదు. భూమిమీద జీవమనగా అప్పటికి అంతియే. వాన చినుకునకు ఎదురుచూచు ఈ నేల ఒకప్పుడు సముద్రగర్భ మనునది పురాణము కాదు, రాతిమీదనే వ్రాసియున్నది. చదువ నేర్చినవాడు చదువుకొనవచ్చును.

రాతిమీది అక్షరముల విషయమును అట్టిదే. ఇదే జిల్లాలో ఎఱ్ఱగుంట్ల సమీపమున కలమళ్ల యను గ్రామమున, గుడి ఆవరణలో, రేనాటి చోళరాజు ధనంజయుని కాలపు శాసనము లభించినది. అది ఆరవ శతాబ్ది చివరి భాగమునకు చెందినదని పండితుల నిర్ణయము. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనములలో మొదటిదిగా దానిని పరిగణింతురు. ఎన్నో తరములవారు దాని ప్రక్కనే నడచి గుడికి పోయిరి. పాతలిపి నేర్చినవారు వచ్చి చదివినప్పుడు గాని, అది తెలుగువారి ఆస్తి యని ఎవరును ఎరుగరు. రాయి మారలేదు, చూచినవాని చదువు మారినది.

ఇక కూటి ప్రశ్నకు వత్తము. వేముల మండలములోని తుమ్మలపల్లె సమీపమున, పైని చెప్పిన వేంపల్లె రాతి పొరలలోనే, యురేనియమను లోహము కలదని అణుఖనిజ పరిశోధకులు కనుగొనిరి. ప్రభుత్వరంగములోని యురేనియం కార్పొరేషను 2007లో అచ్చట గనికి శంకుస్థాపన చేసెను. 2012లో శుద్ధికర్మాగారము పని ప్రారంభించెను. ఇచ్చటి రాతిలో ఆ లోహము బహుస్వల్పము. బండెడు రాయి పిండి చేసినను దక్కునది పిడికెడైన నుండదు. దానిని ఎట్లు వేరుచేయవలెను?

జార్ఖండులోని జాదుగూడలో ఇదివరకే ఇట్టి గని కలదు. అచ్చట రాతిపొడిని గంధకామ్లముతో కరగింతురు. ఆ పద్ధతి తుమ్మలపల్లెలో పనికిరాదు. ఎందుకనగా సున్నపురాతి జాతిమీద ఆమ్లము పోసినచో బుసబుస పొంగును. ఇది ఎనిమిదవ తరగతి విద్యార్థికిని తెలిసిన విషయమే. నిమ్మరసము సున్నపురాతిపై పిండి చూడవచ్చును. అట్లు పొంగుటయందే ఆమ్లమంతయు ఖర్చైపోవును. లోహమును కరగించుటకు మిగులదు. కావున ఇచ్చట ఆమ్లమునకు విరుద్ధమైన క్షారమును, అనగా సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులను, మూసిన పాత్రలలో వేడిమితోను ఒత్తిడితోను ప్రయోగింతురు. నిమ్మరసపు పొంగును పిల్లవాడు బడిలో చూచును. దానినుండి ఒక కర్మాగారమును నిలబెట్టు లెక్కను కళాశాలయందు నేర్చును. ఈ రెంటికిని నడుమ ఆరేడేండ్ల చదువు కలదు.

గని వచ్చినచోట ఉద్యోగములు వచ్చును. రాయి ఒక్కటే; దానిని తవ్వువానికి ఒక వేతనము, యంత్రము నడుపువానికి ఒక వేతనము, కరగించు విధానము నిర్ణయించువానికి మరియొక వేతనము. భూమి ఇచ్చిన యూరివారికి మొదటి దాని దగ్గరనే ఆగిపోవలసిన యగత్యము లేదు. కాని చదువు లేనప్పుడు పై మెట్టు పనులకు ఇతర ప్రాంతములవారు రాక తప్పదు. వచ్చినవారిని నిందించియు ప్రయోజనము లేదు. కాలేజీకి పోయిన ఏమి వచ్చునన్న ప్రశ్నకు ఇది మొదటి సమాధానము. జీతము స్వల్ప విషయమని చెప్పువారు తరచుగా జీతమున్నవారే.

రెండవ సమాధానము జీతముకంటె విలువైనది. దానికి ప్రాణముతో సంబంధము కలదు. పులివెందుల సీమలో బ్రాహ్మణపల్లె ప్రాంతమున రాతినారను, అనగా ఆస్బెస్టాసును, చిరకాలము తవ్విరి. అది రాయియే గాని దూదివలె పీచులు పీచులుగా విడును, నిప్పునకు కాలదు. చూచుటకు ముచ్చటగా నుండును. దాని ధూళి ఊపిరితో లోనికి పోయినచో ఊపిరితిత్తులలో గ్రుచ్చుకొని యుండిపోవును. పది ఇరువది యేండ్లకు గాని రోగము బయటపడదు. దగ్గు వచ్చిన కూలివాడు చలియనియు, పొగాకనియు అనుకొనును. ఇంగ్లండులో నెల్లీ కెర్షా యను కార్మికురాలు ఇట్టి నారను వడకు కర్మాగారమున పనిచేసి 1924లో మరణించెను. విలియం కుక్ అను వైద్యుడు ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఆ పీచులను చూచి, వైద్యపత్రికలో ప్రకటించెను. అంతకుముందు ఆ కర్మాగారములలో దగ్గినవారు లేకపోలేదు. దగ్గునకు కారణము చూడగలిగిన కన్ను లేకపోయెను. దుమ్ము పనిలో ముక్కునకు గుడ్డ ఏల కట్టుకొనవలెను, నీరు చల్లి ఏల తవ్వవలెను, ఏ పరీక్ష చేయించుకొనవలెను అని కూలివానికి వాని భాషలో చెప్పగల చదువరి వాని యింటనే యున్నచో, ఆ యింటికి కలుగు మేలు రూపాయలలో లెక్కింపరాదు.

నీటి విషయము ఇంకను దగ్గరిది. తుమ్మలపల్లె గనికి సమీపమున నున్న కొన్ని గ్రామముల రైతులు, కర్మాగారపు వ్యర్థజలము నిలువచేయు చెరువువలన తమ బోరు నీరు చెడిపోయినదనియు, తోటలు దెబ్బతిన్నవనియు మొరపెట్టుకొనిరి. సంస్థవారు అది తమవలన కాదనిరి. అధికారులు వచ్చిరి, నీరు సీసాలలో పట్టుకొనిపోయిరి, పరీక్షల కాగితములు వచ్చెను. ఎవరిది సత్యమను నిర్ణయము ఈ పాఠమున చేయరాదు. గమనింపవలసినది వేరొకటి. ఆ కాగితమును రైతు చదువగలడా?

అందు అంకెలుండును. త్రాగునీటిలో యురేనియము లీటరునకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన పండ్లు గారపట్టును, మరింత మించిన యెముకలు వంగును. మిల్లీగ్రామనగా గ్రాములో వెయ్యవ వంతు. ఒకటి మైక్రో, ఒకటి మిల్లీ. ఈ భేదము తెలియనివాడు 30 పెద్దదనియు 1.5 చిన్నదనియు తలచును. పరీక్షకు నీరు ఏ బోరునుండి తీసిరి, ఎంత లోతునుండి తీసిరి, వేసవిలోనా వానలకు పిదపనా, గని రాకముందు ఆ నీటిలో నెంత యుండెను, యురేనియమున్న రాతిపొరలలోనుండి నీరు సహజముగానే కొంత గ్రహించి యుండవచ్చునా, గ్రహించినదానికిని వచ్చి చేరినదానికిని భేదమెట్లు తెలియును – ఈ ప్రశ్నలు అడుగుట రసాయన శాస్త్రము చదివినవానికి సాధ్యము. అడిగినవానికి సమాధానము చెప్పక తప్పదు. అడుగలేనివాడు ఎదుటివాని మాట నమ్మవలెను, లేదా నమ్మక కోపగించుకొనవలెను. రెండును అసహాయుని పనులే. నీరు చెడకున్నను చెడినదని భయపడి తోట నరికించుకొనుట నష్టము. చెడినను చెడలేదని నమ్మి బిడ్డలకు త్రాగించుట అంతకంటె నష్టము. ఈ రెండు నష్టములనుండియు తప్పించునది ఊరిలో పుట్టి, ఊరి మేలు కోరి, ఆ కాగితమును చదువగలిగిన ఒక పట్టభద్రుడో పట్టభద్రురాలో.

పట్టభద్రురా లనుట ఊరక అన్నమాట కాదు. నీరు మోయునది, బిడ్డకు పట్టునది స్త్రీయే కదా. ఆడపిల్లను కళాశాలకు పంపుటకు ఊరివారు చెప్పు అభ్యంతరములలో దూరము మొదటిది. ఎచ్చట ఉండును, ఎవరు చూతురు? ఇది ఇప్పటి మాట కాదు. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయికి ఎనిమిదవ యేటనే వివాహము చేసిరి. పెద్దదైన పిదప ఆమె ఆ బంధము వదలుకొని, స్వాతంత్ర్యోద్యమములో చెరసాలకు పోయి, విడుదలైన తరువాత విడిచిన చదువు తిరిగి పట్టుకొనెను. ఆంధ్ర విశ్వవిద్యాలయములో చేరబోగా స్త్రీలకు వసతిగృహము లేదను అడ్డంకి వచ్చెను. ఆమె వెనుదిరుగలేదు. చదువగోరు స్త్రీలు మరికొందరిని పత్రికాప్రకటన ద్వారా కూర్చుకొని, తామే వసతి ఏర్పరచుకొని, చేరెను. పిదప న్యాయశాస్త్రము చదివి, రాజ్యాంగసభలో సభ్యురాలై, 1958లో స్త్రీవిద్యపై నియమింపబడిన జాతీయసంఘమునకు అధ్యక్షురాలయ్యెను. దుర్గాబాయి దేశముఖ్ అను పేరున దేశమెల్ల ఎరిగిన వ్యక్తి ఆమెయే. ఆనాడు వసతిగృహము లేదని ఆమె యింటికి మరలియున్నచో ఈ కథలో తక్కినదేదియు జరిగియుండదు.

నేడు వసతిగృహములు కలవు. చట్టప్రకారము పదునెనిమిదేండ్లు నిండక బాలికకు వివాహము చేయరాదు. అయినను పదవ తరగతి పూర్తియైన బాలికను ఇంట నుంచినచో బంధువులు సంబంధములు చెప్పుట మానరు. కళాశాలలో నున్న బాలికను గూర్చి అడిగినవారికి, "చదువు కానిండు" అని చెప్పుటకు తండ్రికొక మాట దొరకును. ఆ ఒక్క మాట చాటున ఎందరో బాలికలు నాలుగైదేండ్లు సురక్షితముగా పెరిగిరి. విద్యవలని లాభములు వ్రాయువారు ఈ లాభమును సాధారణముగా మరచిపోవుదురు.

ఊరు విడిచిపోవు కొడుకు సంగతి మిగిలియున్నది. చిత్తూరు జిల్లాలో కాటూరు అను గ్రామమున 1937లో ఒక రైతు కుటుంబములో జన్మించిన రాజ్ రెడ్డి, తన కుటుంబములో కళాశాల మెట్లెక్కిన మొదటివాడు. ఆయన మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొంది, ఆస్ట్రేలియాలో పై చదువు చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునుండి 1966లో డాక్టరు పట్టము గ్రహించెను. మానవుల మాటను యంత్రము గ్రహించునట్లు చేయు విద్యలో ఆయన మొదటితరము పరిశోధకుడు. నేడు చేతిలోని ఫోను మనుష్యుని పలుకు విని సమాధానము చెప్పుచున్నదన్న, దాని మూలములలో ఆయన పరిశ్రమయు కలదు. 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగు పురస్కారమును ఎడ్వర్డు ఫైగెన్‌బాముతో కలిసి అందుకొనెను. కాటూరివారి దృష్టిలో ఆయన ఊరు విడిచిపోయినవాడే. కాని 2008లో గ్రామీణ విద్యార్థులకై నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో విద్యాలయములు నెలకొల్పినప్పుడు వానికి మొదటి కులపతిగా నిలిచినవాడు ఆయనయే. పోయినవారందరు తిరిగి రారు, ఇది సత్యమే. రాకపోయినను డబ్బు పంపువారు కొందరు, పంపనివారు కొందరు. తండ్రి భయము నిరాధారము కాదు. అయితే ఊరిలోనే ఉన్న కొడుకులందరు తండ్రిని చూచుచున్నారని చెప్పుటయు కష్టమే.

కళాశాలకు పోయిన ప్రతివాడును బాగుపడునని ఎవరైన చెప్పిన నమ్మరాదు. ప్రక్కయింటి పిల్లవాడు చేరినాడని అదే చదువులో చేరి, పాఠము వినక, పరీక్షకు ముందు వారము దినములు చదివి, కాగితము సంపాదించి, ఉద్యోగము రాలేదని కళాశాలను తిట్టువారు కలరు. అట్టివానికి పొలము చేతకాదు, పట్టణము చేరదీయదు. కొన్ని కళాశాలలును పేరునకే కళాశాలలు. ప్రయోగశాలకు తాళము, గ్రంథాలయమునకు దుమ్ము. చేరుటకు ముందు రెండు తాళములు తీయించి చూచుట మంచిది. వ్యవసాయము, పశువైద్యము, భూగర్భ శాస్త్రము, రసాయనము మొదలైన చదువులను పల్లె పిల్లలు చిన్నచూపు చూచుట మరియొక వింత. చీనీ చెట్లకు తెగులు వచ్చినప్పుడు ఊరివారు మందుల దుకాణమువాని సలహామీద ఆధారపడుదురు. వాడు అమ్మువాడు, అమ్మవలసినదియే చెప్పును.

ఖర్చు విషయమున పూర్వమున్నంత భయము ఇప్పుడు అవసరము లేదు. వారములు చేసికొను కాలము గతించినది. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతుల విద్యార్థులకు వసతిగృహములును, ఉపకారవేతనములును కలవు. 2008 నాటినుండి పేదవిద్యార్థుల బోధన రుసుమును ప్రభుత్వము చెల్లించు పథకము ఆంధ్రదేశమున నడచుచున్నది. ప్రభుత్వములతోపాటు దాని పేరు మారినను పద్ధతి నిలిచియున్నది. రుసుము సకాలమున చేరక విద్యార్థులు చిక్కులు పడిన సందర్భములును కలవు గనుక, తండ్రి కొంత పైకము చేత నుంచుకొనుట యుక్తము. ఆదాయ ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము వేసవిలోనే తెచ్చుకొనవలెను. ఫలితములు వచ్చిన వారము మండల కార్యాలయము ముందు వరుస పొడవుగా నుండును.

ఇడుపులపాయ విద్యాలయములో చేరుటకు సాధారణముగా పదవ తరగతి మార్కులే ఆధారము. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి కొంత అదనపు విలువ కలిపి లెక్కింతురు. పట్టణపు ఖరీదైన బడులతో పల్లె బడి పోటీపడజాలదని ఎరిగి చేసిన ఏర్పాటిది. చేరినవారు రెండేండ్లు ఇంటర్మీడియటుతో సమానమైన చదువును, నాలుగేండ్లు ఇంజనీరింగును అచ్చటనే వసతితో చదువుదురు. ఆ విద్యాలయము వేముల ప్రక్క మండలములోనే, అవే గుట్టల నడుమ, అదే జాతి రాళ్ల నేలమీద నున్నది. సెలవులకు పిల్లలు వేంపల్లె మీదుగా బస్సులో ఇండ్లకు వత్తురు.